పాత బుల్లెట్‌ను టూరింగ్‌కు సిద్ధం చేయిస్తున్నారా? ఆర్‌సీ రెన్యువల్, ఆల్టరేషన్ దరఖాస్తు విధానం

ఇంట్లో మూలన పడి ఉన్న 80ల నాటి బుల్లెట్ 350ని విప్పించి, ముందు డిస్క్ బ్రేకు, మంచి హెడ్‌లైటు, సైడ్ బ్యాగులు పెట్టించి అరకుకో, లదాఖ్‌కో వెళ్లాలని చాలామందికి కోరిక. మెకానిక్ దొరుకుతాడు, స్పేర్లూ దొరుకుతాయి. లక్ష పైచిలుకు ఖర్చయ్యాక బండి మాత్రం ఆర్‌టీఏ ఆఫీసు దగ్గర ఆగిపోతుంది. కాగితాల పనిని చివరికి వదిలేయడమే ఇందుకు కారణం. ఆర్‌సీలో ఏం రాసి ఉందో చూసుకోకుండా బండి విప్పకూడదు. ఏ భాగం మార్చవచ్చో, దేన్ని ముట్టుకోకూడదో తేల్చేది ఆ కాగితమే.

15 ఏళ్లు దాటిన బండి తుక్కుకే పోవాలన్న భయం ఇంకా చాలామందిలో ఉంది. మన రెండు రాష్ట్రాల్లో సొంత వాడకం బండి తనిఖీలో పాసైతే మరో ఐదేళ్లకు రెన్యువల్ చేస్తారు. ఆ తర్వాత ప్రతి ఐదేళ్లకోసారి అదే పద్ధతి. 1986లో రిజిస్టరైన బండికి తొలి గడువు 2001లో అయిపోయింది. తర్వాత 2006, 2011, 2016, 2021... ఇలా సాగుతుంది. మీ బండి ఈ వరుసలో ఎక్కడ ఆగిపోయిందో ముందు చూసుకోండి.

వింటేజ్ రిజిస్ట్రేషన్ జోలికి వెళ్లొద్దు

50 ఏళ్లు దాటిన బండి ఉన్నవాళ్లు మొదట అడిగేది దీని గురించే. 2021 జూలైలో కేంద్రం వింటేజ్ వాహనాలకు ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. కేంద్ర రవాణా శాఖ వెబ్‌సైట్ అయిన పరివాహన్ పోర్టల్‌లో ఫారం 20తో దరఖాస్తు చేస్తే, రాష్ట్ర కమిటీ బండిని పరిశీలించాక ‘వీఏ’ అక్షరాలతో ప్రత్యేక నంబరు ఇస్తారు. కొత్త రిజిస్ట్రేషన్‌కు ఫీజు 20,000 రూపాయలు, పదేళ్లకు చెల్లుతుంది. తర్వాతి రెన్యువల్‌కు 5,000 రూపాయలు.

వినడానికి గౌరవంగానే ఉంటుంది. అయితే ఆ నంబరున్న బండిని రోజువారీ ప్రయాణాలకు వాడకూడదు. ప్రదర్శనకు, వింటేజ్ ర్యాలీకి, సాంకేతిక పరిశోధనకు, పెట్రోలుకు, రిపేరుకు మాత్రమే రోడ్డెక్కాలి. ఛాసిస్, బాడీ, ఇంజిన్ కూడా అసలు రూపంలోనే ఉండాలి. టూరింగ్ కోసం భాగాలు మార్చాలనుకునే మీకు ఈ రెండు షరతులూ అడ్డమే. మీ నాన్నగారు వాడిన 1970 మోడల్‌ను ఉన్నదున్నట్టు భద్రపరచాలంటే వింటేజ్ మంచి దారి. ఊళ్లు తిరగాలంటే మామూలు రిజిస్ట్రేషన్‌నే బతికించుకోండి.

పాత సి-బుక్కు, ఆన్‌లైన్ రికార్డు

1989కి ముందు రిజిస్టరైన బండ్లకు మూడక్షరాల పాత సిరీస్ నంబర్లు ఉంటాయి. చేతిరాతతో నింపిన సి-బుక్కు, అంటే పుస్తకం రూపంలోని పాత ఆర్‌సీ, ఇంట్లో బీరువాలో ఉన్నా, ఆ వివరాలు కంప్యూటర్లోకి ఎక్కి ఉండకపోవచ్చు. పోర్టల్‌లో మీ నంబరు కొట్టి చూడండి. ఏమీ రాకపోతే, రిజిస్ట్రేషన్ చేసిన ఆఫీసుకు సి-బుక్కు ఒరిజినల్ తీసుకెళ్లి బ్యాక్‌లాగ్ ఎంట్రీ అడగాలి. పాత రిజిస్టర్‌తో సరిచూసుకున్నాకే వివరాలు ఎక్కిస్తారు. ఇది కాకుండా ఏ సర్వీసుకూ స్లాట్ దొరకదు. ఎక్కువ ఓపిక కావాల్సిన మెట్టు ఇదే, అందుకే అన్నిటికంటే ముందు దీన్ని మొదలుపెట్టమంటున్నాను.

బండి ఎవరి పేరు మీద ఉందన్నది తర్వాతి ప్రశ్న. కొన్న బండైతే అమ్మినవారి సంతకాలతో ఫారం 29, 30 కావాలి. తాతగారి పేరునో, నాన్నగారి పేరునో ఉండి వారు కాలం చేసి ఉంటే ఫారం 31తో వారసత్వ బదిలీ చేయించుకోవాలి. మరణ ధ్రువపత్రం, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, మిగతా వారసులు అభ్యంతరం లేదని ఇచ్చే అఫిడవిట్ సిద్ధం చేసుకోండి. సి-బుక్కు పోయి ఉంటే పోలీసు ఫిర్యాదు కాపీతో ఫారం 26 మీద డూప్లికేటు తీసుకోవాలి. వేరే రాష్ట్రంలో రిజిస్టరైన బండి అయితే అక్కడి నుంచి ఫారం 28తో ఎన్‌ఓసీ తెచ్చుకోవాలి.

పాత బండ్ల వ్యాపారులు కొందరు “కాగితాలు తర్వాత చేయిద్దాం సార్, ముందు బండి తీసుకెళ్లండి” అంటారు. అమ్మినవారు ఎక్కడున్నారో తెలియని బండి ఎంత చవగ్గా వచ్చినా కొనొద్దు. సంతకం పెట్టాల్సిన మనిషి దొరకకపోతే ఎంత బాగు చేయించినా అది మీ పేరు మీదికి రాదు.

రెన్యువల్ దరఖాస్తు

ఫారం 25 మీద దరఖాస్తు చేయాలి. గడువు ఇంకా మిగిలి ఉన్నవారు ముగియడానికి 60 రోజుల ముందు నుంచి చేసుకోవచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో ఇది పరివాహన్‌లోని వాహన్ సేవల ద్వారా జరుగుతుంది. తెలంగాణలో రవాణా శాఖకు సొంత వెబ్‌సైట్ ఉంది, అక్కడా దశలవారీగా వాహన్‌లోకి మారుస్తున్నారు. మీ ఆర్‌టీఏ ఆఫీసు ప్రస్తుతం ఏ పోర్టల్‌లో స్లాట్ ఇస్తోందో చూసుకుని మొదలుపెట్టండి.

ఒరిజినల్ ఆర్‌సీ, అమల్లో ఉన్న ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్, చిరునామాకు ఆధార్, ఛాసిస్ నంబరు పెన్సిల్ ప్రింట్ దగ్గర పెట్టుకోండి. 20 ఏళ్లు దాటిన మోటార్‌సైకిళ్ల రెన్యువల్ ఫీజును 2025 ఆగస్టులో కేంద్రం 2,000 రూపాయలకు పెంచింది. గడువు దాటితే నెలకు 300 రూపాయల చొప్పున అదనపు రుసుము, పైన గ్రీన్ ట్యాక్స్, సర్వీస్ ఛార్జీలు ఉంటాయి. ఏళ్ల తరబడి మూలన పడిన బండికి ఈ ఆలస్యపు రుసుమే పెద్ద మొత్తమవుతుంది. స్లాట్ బుక్ చేసేటప్పుడు పోర్టల్ మొత్తం లెక్క చూపిస్తుంది, ఏజెంటు చెప్పిన అంకెను దానితో పోల్చుకోండి.

రెన్యువల్‌కు బండిని కంపెనీ ఇచ్చిన రూపంలోనే చూపించండి. బ్రేకులు, లైట్లు, హారన్, టైర్లు సరిగ్గా ఉంటే చాలు. కొత్త భాగాలన్నీ బిగించి తీసుకెళ్తే తనిఖీ చేసే మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్ (ఎంవీఐ) ఒకేసారి రెండు విషయాలు తేల్చాల్సి వస్తుంది, దాంతో సులువుగా అయ్యే రెన్యువల్ కూడా ఆగుతుంది. గడువు ముగిసిన ఆర్‌సీతో ఆఫీసుకు నడుపుకుంటూ వెళ్లొద్దు. టాటా ఏస్‌లో ఎక్కించి తీసుకెళ్లడం మేలు.

ఏ భాగాలకు అనుమతి కావాలి

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, ఆర్‌సీలోని వివరాలు తయారీదారు మొదట ఇచ్చిన వాటికి భిన్నంగా అయ్యేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ మాటే గట్టిగా చెప్పింది. అనుమతి లేని మార్పు ఒక్కోదానికి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. కాబట్టి ఆర్‌సీని ఎదురుగా పెట్టుకుని చదవండి. ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు, ఇంజిన్ సామర్థ్యం, రంగు, సీట్ల సంఖ్య, ఇంధనం, బరువు. మీరు చేయించబోయే మార్పు వీటిలో దేన్నైనా తాకితే అది దరఖాస్తు లేకుండా జరగకూడని పని.

346 సీసీ ఇంజిన్‌ను సిలిండర్ పెద్దది చేసే బోర్ కిట్‌తో 500 చేయించడం, వేరే మోడల్ 535 ఇంజిన్ దింపడం, వెనక ఫ్రేమ్ కోయించి కెఫే రేసర్ చేయించడం లాంటివి పూర్తిగా మానుకోండి. ఇంజిన్ నిజంగా పాడైపోతే అదే కంపెనీ, అదే రకం ఇంజిన్‌తో మార్చడానికి అనుమతి అడగవచ్చు. దాని కొనుగోలు బిల్లు ఉండాలి. ఆ ఇంజిన్ వేరే బండిదైతే ఆ బండి ఆర్‌సీ రద్దయినట్టు కాగితమూ ఉండాలి. ఇంజిన్ మారిన 14 రోజుల్లోపు తెలియజేసి కొత్త నంబరు ఆర్‌సీలో ఎక్కించుకోవాలి. రంగు మార్చినా ఎండార్స్‌మెంట్, అంటే ఆర్‌సీలో నమోదు, చేయించుకోండి. నలుపు అని రాసి ఉన్న బండి ఆకుపచ్చగా కనిపిస్తే ప్రతి చెక్‌పోస్టులో టెన్షన్ తప్పదు.

అయితే టూరింగ్‌కు నిజంగా పనికొచ్చే మార్పుల్లో చాలావరకు ఆర్‌సీ జోలికే వెళ్లవు. స్పార్క్ కోసం వాడే పాత కాంటాక్ట్ పాయింట్ల బదులు ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్, 6 వోల్టుల వైరింగ్ తీసేసి 12 వోల్టులు, కొత్త రెగ్యులేటర్, హెచ్4 బల్బుకు సరిపోయే హెడ్‌లైటు, గట్టి చెయిన్, మంచి షాకబ్జార్బర్లు, మెత్తటి సీటు. పెట్రోల్ పైపు, కార్బురేటర్లోని రబ్బరు భాగాలు కూడా కొత్తవి వేయించండి. ఇప్పుడు బంకుల్లో దొరికే ఇథనాల్ కలిసిన పెట్రోలుకు పాత రబ్బరు తట్టుకోదు. బండి రోజంతా నమ్మకంగా నడవడానికి ఇవే ఆధారం. ఇంజిన్ పెద్దది చేయించడం కన్నా వీటి మీద డబ్బు పెట్టడం ఎంతో తెలివైన పని.

డిస్క్ బ్రేకు సంగతి కొంచెం వేరు. ఆర్‌సీలో బ్రేకు గురించి రాసి ఉండకపోయినా ముందు చక్రం, ఫోర్కు రెండూ మారుతున్నాయి. అదే కంపెనీ తర్వాతి బుల్లెట్లకు ఇచ్చిన భాగాలే కొని, బిల్లులు దాచి, బిగించే ముందే ఆఫీసులో రాతపూర్వకంగా అడగమంటాను. ఘాట్ రోడ్లలో పాత డ్రమ్ బ్రేకుతో లగేజీ వేసుకుని దిగడం ప్రమాదం. డిస్కుకు మార్చడం అవసరమే, అందుకే అనుమతితో చేయించండి. పెద్ద శబ్దం చేసే సైలెన్సర్ మాత్రం పెట్టొద్దు. శబ్ద కాలుష్యానికి 10,000 రూపాయల వరకు జరిమానా ఉంది, లైసెన్సు మూడు నెలలు పోవచ్చు.

ఆల్టరేషన్‌కు పోర్టల్‌లో ఆ పేరుతోనే సర్వీసు ఉంటుంది. ఆర్‌సీ, ఇన్సూరెన్స్, మార్చబోయే భాగాల వివరాలతో దరఖాస్తు పెట్టి, ఫీజు కట్టి, స్లాట్ రోజు బండి చూపించాలి. బండి మీద ఫైనాన్స్ ఉంటే ఆ సంస్థ ఒప్పుకోలూ కావాలి.

నంబర్లు చెరగనివ్వొద్దు

రిస్టొరేషన్‌లో జరిగే అతి పెద్ద నష్టం ఇదే. ఫ్రేమ్ మెడ దగ్గర గుద్ది ఉన్న ఛాసిస్ నంబరు మీద పౌడర్ కోటింగ్ మందంగా పడితే అంకెలు పూడిపోతాయి. పెన్సిల్ రుద్దితే కాగితం మీద మచ్చలే తప్ప 3కీ 8కీ తేడా కనిపించదు. ఇక ఇంజిన్ బయటి గుల్ల అయిన క్రాంక్‌కేస్‌ను అద్దంలా మెరిపించాలని తిరిగే చక్రంతో రుద్ది బఫింగ్ చేస్తారు. ఆ చక్రం కింద ఇంజిన్ నంబరు అరిగిపోతుంది. చెరిగిన నంబరున్న బండిని దొంగబండిగా అనుమానిస్తారు. మెకానిక్‌తో కొత్తగా గుద్దించడం ఇంకా పెద్ద తప్పు. ఆర్‌టీఏ అనుమతి లేకుండా నంబరు గుద్దిస్తే అది ట్యాంపరింగ్ కిందికి వస్తుంది.

బండి షాపులో ఇచ్చే రోజే రెండు నంబర్ల ఫొటోలు, పెన్సిల్ ప్రింట్లు తీసి పెట్టుకోండి. కోటింగ్‌కు పంపే ముందు నంబరున్న చోట వేడికి తట్టుకునే టేపు వేయించండి. అక్కడ తర్వాత పలచగా పెయింట్ కొట్టిస్తే తుప్పు పట్టదు, అంకెలూ కనిపిస్తాయి. క్రాంక్‌కేస్‌లో నంబరున్న భాగాన్ని బఫింగ్‌కు తగలనివ్వొద్దని షాపులో ఎదురుగా నిలబడి చెప్పండి.

తనిఖీ రోజు

మన పెద్దవాళ్లు బ్రేక్ ఇన్‌స్పెక్టర్ అని పిలిచే ఎంవీఐ మొదట నంబర్లు చూస్తారు. తర్వాత లైట్లు, హారన్, అద్దాలు, నంబరు ప్లేటు. శారీ గార్డ్ ఉందో లేదో చూసుకుని వెళ్లండి. సైడ్ బ్యాగుల స్టాండు బిగించేటప్పుడు మెకానిక్‌లు దాన్ని తీసి పక్కన పడేస్తారు. వెనక కూర్చునేవారి బట్టలు చక్రంలో పడకుండా సగం చక్రానికైనా అడ్డు ఉండాలని, పట్టుకోవడానికి హ్యాండిల్, కాళ్లకు ఫుట్‌రెస్ట్ ఉండాలని నిబంధన. ఎడమవైపు బ్యాగు స్టాండును గార్డ్‌తో కలిసేలా చేయించుకుంటే బ్యాగూ నిలుస్తుంది, నిబంధనా నెరవేరుతుంది.

కుడికాలి గేరున్న బుల్లెట్‌ను తనిఖీలో నడిపి చూపించమంటే అలవాటున్నవారే నడపండి. ఎడమ గేరుకు అలవాటుపడ్డవారు బ్రేకు అనుకుని గేరు తొక్కుతారు.

ఆర్‌సీ చేతికి వచ్చాక

ఎండార్స్ అయిన మార్పులను ఇన్సూరెన్స్ కంపెనీకి ఈమెయిల్‌లో తెలియజేసి, పాలసీలో ఎక్కించుకోండి. చెప్పకుండా చేసిన మార్పు క్లెయిమ్ రోజున సాకుగా మారుతుంది. ఆర్‌సీని డిజిలాకర్‌లోనూ పెట్టుకోండి. విడిభాగాల బిల్లుల కాపీలు టూల్ బాక్సులో ఉంచుకుంటే వేరే రాష్ట్రం పోలీసులకు చూపించడానికి పనికొస్తాయి.

లదాఖ్ వెళ్లేవారు ఒకటి గమనించాలి. ఢిల్లీ, దాని చుట్టుపక్కల జాతీయ రాజధాని ప్రాంత (ఎన్‌సీఆర్) జిల్లాల్లో 15 ఏళ్లు దాటిన పెట్రోలు బండ్ల మీద ఆంక్షలున్నాయి. మన దగ్గర రెన్యువలైన ఆర్‌సీ ఉన్నా అక్కడ ఆపవచ్చు. ఆ ఆదేశాలు మారుతూ వస్తున్నాయి కాబట్టి బయల్దేరే వారం తాజా పరిస్థితి చూసుకోండి. అనుమానం ఉంటే ఆగ్రా, ఢిల్లీ దారి వదిలేసి అజ్మీర్, బికనీర్, భటిండా మీదుగా పంజాబ్‌లోకి వెళ్లి జమ్మూ, శ్రీనగర్ దారి పట్టండి.