పర్పుల్ మార్టిన్ల కాపుదల – 4వ పాఠం: గూడు తర్వాత, ముందు మగపిచ్చుక

పర్పుల్ మార్టిన్ అంటే అమెరికాలోని ఒక వానకోయిల. పెరట్లో స్తంభానికి మనం వేలాడదీసిన సొరబుర్రల్లో, పెట్టెగదుల్లో గూడు పెడుతుంది. ఆ గదులను పిచ్చుకలు ఆక్రమిస్తుంటాయి. వాటిని ఆపడానికి మూడో పాఠంలో రెండు పనులు చెప్పాను. ముందు మగపిచ్చుకను పట్టాలి, ఆ తర్వాతే దాని గూడు తీయాలి. మీరు పంపిన ఫొటోలు చూస్తే చాలామంది మొదటిది వదిలేసి నేరుగా రెండోదానికి దిగారని తెలుస్తోంది. రోజూ సాయంత్రం ఆఫీసు నుంచి రాగానే కప్పీ తాడు వదలడం, బుర్రలు కిందికి దించడం, పిచ్చుక పేర్చిన గడ్డీగాదం లాగి పారేయడం, మళ్ళీ పైకెక్కించడం. వారం తిరిగేసరికి పక్క బుర్రలో మార్టిన్ గుడ్లకు చిల్లులు పడ్డాయి. ఈసారి మార్టిన్ గదుల మీద పడే ఇంకో పక్షి, స్టార్లింగు గురించి చెబుతానన్నాను. దాన్ని చివరికి జరిపాను. ముందు ఇది తేలాలి.

ఆ ఫొటోల్లో ఒకటి చూడండి. టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉండే ఒక చెల్లెమ్మ పంపింది. మార్టిన్ గుడ్లు ఒక్క మచ్చ కూడా లేకుండా తెల్లగా ఉంటాయి కదా, అలాంటివి నాలుగు. ప్రతి గుడ్డుకూ ఒక పక్కన కందిగింజంత కన్నం, దాని అంచులు లోపలికి విరిగి ఉన్నాయి. కింద మార్టిన్ పరిచిన పచ్చాకులకు సొన అంటుకుని ఆరిపోయింది. తిన్న గుడ్డు ఒక్కటీ లేదు. పాము వచ్చి ఉంటే గుడ్లే మిగిలేవి కావు, మింగేస్తుంది. గుడ్లగూబ వచ్చి ఉంటే స్తంభం కింద ఎదిగిన మార్టిన్ల ఈకలు రాలి ఉండేవి. గుడ్డు గూట్లోనే ఉండి కన్నం మాత్రమే పడితే, మన టెక్సస్ పెరళ్ళలో అది దాదాపు ఎప్పుడూ పిచ్చుక పనే. ఉత్తరాది రాష్ట్రాల వాళ్ళు మాత్రం ఒక్క విషయం గుర్తుంచుకోండి. అక్కడ హౌస్ రెన్ అనే చిన్నపిట్ట కూడా ఇలాగే పొడుస్తుంది. అది ఈ దేశపు పక్షి, దానికి చట్టం అండ ఉంది. దాని జోలికి పోకూడదు.

గూడు పీకితే పక్క గుడ్లు ఎందుకు పోతాయి? పిచ్చుకల్లో చోటు ఎంచుకునేది మగది. జత కుదరకముందే ఒక గది పట్టేసి, వాకిట్లో కూర్చుని పొద్దస్తమానం కిచకిచమంటుంది. దానికి ఆడపిచ్చుక కంటే ఆ చోటే ముఖ్యం. ఆడది పోతే ఇంకో ఆడది వస్తుంది, గూడు పోతే ఇంకో గూడు కడుతుంది, స్తంభం మాత్రం వదలదు. మీరు గడ్డి లాగి పారేసిన ప్రతిసారీ అది పక్క గదుల్లోకి దూరి చూడటం మొదలుపెడుతుంది. గుడ్లుంటే పొడుస్తుంది. పిల్లలుంటే తల మీద పొడిచి చంపుతుంది, లేదా బయటికి ఈడ్చి పడేస్తుంది. ఒక్కోసారి బతికున్న పిల్లల మీదే గడ్డి పేరుస్తుంది. ఒక గదితో సరిపెట్టుకునే మగపిచ్చుకను పన్నెండు గదుల మీదికి తోలుతున్నది మన చేతులే.

చాలామందికి చెయ్యాడనిది పట్టడం దగ్గరే. "పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమా అండీ?" అని ఒక పెద్దాయన అడిగారు. ఆ బాధ నాకు తెలుసు. ఊళ్ళో మనం మార్చి 20న పిచ్చుకల దినం చేసుకుంటాం. తగ్గిపోతున్నాయని వరికంకులు కుచ్చులు కట్టి చూరుకు వేలాడదీస్తాం. ఇక్కడున్నదీ ఆ పిచ్చుకే. కానీ ఈ ఖండానికి అది తనంతట తాను రాలేదు. 1850ల మొదట్లో న్యూయార్క్ బ్రూక్లిన్‌లో మనుషులు తెచ్చి వదిలారు. దానికిక్కడ చూరుంది, దుకాణం బోర్డు సందుంది, ట్రాఫిక్ లైటు గొట్టం ఉంది. మార్టిన్ పరిస్థితి వేరు. రాకీ పర్వతాలకు తూర్పున అది దాదాపు పూర్తిగా మనిషి పెట్టిన ఇళ్ళలోనే గుడ్లు పెడుతోంది. చోక్టా, చికసా తెగలవాళ్ళు ఎండిన సొరబుర్రలు వేలాడదీసి మొదలుపెట్టిన పద్ధతి ఇది. మన పాదుల మీద కాసే సొరకాయే. బ్రెజిల్ నుంచి ఎగిరొచ్చిన ఆ పక్షికి మీ పెరట్లో స్తంభం తప్ప వేరే గతి లేదు. పిచ్చుకకు పది చోట్లున్నాయి. నా పక్షం ఏదో ఇక మళ్ళీ చెప్పక్కర్లేదు.

ఇప్పుడు పని చూద్దాం. గొంతు కింద నల్లటి మచ్చ ఉన్నది మగపిచ్చుక. అంతకుమించి పోలికలు చెప్పను, మనందరం చూస్తూ పెరిగిన పిట్టే.

గూట్లో పిచ్చుక గుడ్లు అప్పటికే ఉంటే, బూడిదరంగు కలిసిన తెలుపు మీద గోధుమరంగు చుక్కలు కనిపిస్తాయి. అప్పుడు గూడు కదపొద్దు. గుడ్లు బయటికి తీసి, వంటకు వాడే కార్న్ ఆయిల్ వేలితో పెంకు అంతటా పల్చగా రుద్ది, మళ్ళీ అక్కడే పెట్టండి. పెంకులోని సన్నటి రంధ్రాలు మూసుకుపోయి గుడ్డు మురిగిపోతుంది. పెట్టిన కొత్తలోనే చేయాలి, పిల్ల రూపు కట్టాక కాదు. ఆడపిచ్చుకకు తేడా తెలియదు, పొదుగుతూనే ఉంటుంది. మగది ఆ ఒక్క గదికే కాపలా కాస్తూ ఉండిపోతుంది, పక్క గదుల మీదికి పోయే అవసరం దానికి తగ్గుతుంది. మీకు కావలసిన వ్యవధి ఇదే. కొందరు సూదితో గుచ్చుతారు, కొందరు గుడ్లు ఊపుతారు. నాకు నూనే ఇష్టం. సూది పోటుకు గుడ్డు పగిలి కారిందంటే ఆడది గూడు వదిలి మళ్ళీ కొత్తగా మొదలుపెడుతుంది, కథ మొదటికొస్తుంది. నూనె రాసిన గుడ్డు మీద పెన్సిల్‌తో చిన్న గీత పెట్టుకోండి. తర్వాత చేరిన గుడ్డేదో ఇట్టే తెలుస్తుంది.

ఆ వ్యవధిలో బోను పెట్టండి. గది లోపలే అమర్చే చిన్న బోన్లు దొరుకుతాయి. పక్షి లోపలికి రాగానే రేకు లేచి ద్వారం మూసేస్తుంది. పిచ్చుక పట్టిన గదిలోనే పెట్టాలి, పక్కగదిలో కాదు. దాని గడ్డి కొంత వెనకవైపు అలాగే వదలండి. గడ్డి కదిలిందని సర్దుకోవడానికి మగది త్వరగా లోపలికొస్తుంది. బోను పెట్టినంతసేపూ మీరు చూస్తూ ఉండాలి. ఫోన్ మీటింగ్ ఉందంటే ముందు బోను తీసేసి వెళ్ళండి. పొరపాటున మార్టిన్ దూరితే ఆ నిమిషమే వదిలేయాలి. పట్టిన పక్షిని బయటికి తీసేటప్పుడు ఉల్లిపాయలొచ్చే వలసంచీ ద్వారానికి తొడగండి. లోపలున్నది ఏ పక్షో కనిపిస్తుంది, చేతిలోంచి జారి పోదు. ఒకసారి తప్పించుకున్న మగది రెండోసారి బోనులోకి అంత తేలిగ్గా రాదు.

ఇంకా మార్టిన్లు రాని చోట ఉన్నవాళ్ళు ఈ తంటా అంతా పడక్కర్లేదు. మార్టిన్లు కనబడేదాకా గదుల ద్వారాలు మూసి ఉంచండి. బోను అమర్చిన వేరే చిన్న పెట్టెను, ఒకటిన్నర అంగుళం గుండ్రటి కన్నంతో, మనిషి ఎత్తులో కంచెకు తగిలించండి. ఆ కన్నంలో మార్టిన్ పట్టదు. బ్లూబర్డ్, ట్రీ స్వాలో అనే ఇక్కడి చిన్నపిట్టలు మాత్రం పడతాయి, అవి పడితే వదిలేయాల్సిందే.

పట్టాక ఏం చేయాలన్నది మీ మనసుకు సంబంధించిన సంగతి. దాపరికం లేకుండా చెబుతాను. దూరంగా తీసుకెళ్ళి వదలడం పరిష్కారం కాదు. అది ఇంకొకరి బ్లూబర్డ్ పెట్టె మీద పడుతుంది. పైగా పట్టిన పక్షిని మరోచోట వదలడానికి కొన్నిచోట్ల అనుమతి కావాల్సి ఉంటుంది. గద్దలకూ డేగలకూ వైద్యం చేసే కేంద్రాలు కొన్ని పిచ్చుకలను ఆహారంగా తీసుకుంటాయి, ముందు ఫోన్ చేసి కనుక్కోండి. నొప్పి లేకుండా క్షణంలో చంపడం పశువైద్యుల దగ్గర నేర్చుకోవచ్చు. విషం, జిగురు అట్టలు ఎవరూ వాడొద్దు. 1918 నాటి వలసపక్షుల ఒప్పంద చట్టం కింద హౌస్ స్పారోకు, అంటే ఈ పిచ్చుకకు, స్టార్లింగుకు రక్షణ లేదు. అయినా మీ ఊరి నిబంధనలు మీరు చూసుకోవాలి. చంపడం మా వల్ల కాదనేవాళ్ళు నూనె, మూసిన ద్వారాలు, గింజలు వేయకపోవడం, ఈ మూడూ శ్రద్ధగా చేస్తే చాలు. వాళ్ళను నేను తక్కువ చేసి చూడను.

గింజలంటే మీరు అనుకుంటున్నవే కాదు. మధ్యాహ్నం మిగిలిన అన్నం పిట్టలకని పెరట్లో పెట్టడం మనలో చాలామందికి అలవాటు. మార్టిన్లు వానకోయిల జాతి పక్షులు. గాల్లో ఎగిరే పురుగులు తప్ప మెతుకు ముట్టవు. ఆ అన్నం మొత్తం పిచ్చుకల పాలు. చవక మిశ్రమాల్లో ఉండే జొన్నలు, తెల్ల చిరుధాన్యాలు కూడా అంతే. మార్చి నుంచి జులై దాకా ఆపండి.

ఇక చంద్రవంక ద్వారం సంగతి, అంటే స్టార్లింగులను ఆపడానికి గదులకు పెట్టే అర్ధచంద్రాకారపు కన్నం. దీని గురించి మొదటి పాఠంలో చెప్పాను, రెండులో చెప్పాను, మూడులో బొమ్మ గీసి చూపాను. అయినా మళ్ళీ అదే జరుగుతోంది. "మార్టిన్‌కి ఇరుకుగా ఉందేమోనని కాస్త ఆకురాయితో అరగదీశానండీ" అని నాకు రాసినవాళ్ళు ఎంతమందో. అరగదీయొద్దు! ద్వారం వెడల్పు 3 అంగుళాలు, ఎత్తు 1 3/16 అంగుళాలు, అంటే 30 మిల్లీమీటర్లు. వెడల్పు కాస్త అటూఇటూ అయినా కొంప మునగదు. ఎత్తు విషయంలో మాత్రం వెసులుబాటు లేదు. మార్టిన్ కాళ్ళు పొట్టి. పొట్ట నేలకానించి బల్లపరుపుగా దూరిపోగలదు. స్టార్లింగు రొమ్ము లోతైనది, ఆ ఎత్తులో పట్టదు. ఈ మొత్తం ఏర్పాటు ఆ తేడా మీదే నిలబడింది. రెండు మిల్లీమీటర్లు అరగదీస్తే 32 అవుతుంది, ఒకటింపావు అంగుళం. కాస్త సన్నపాటి స్టార్లింగు ఆ సందులోంచి దూరుతుంది. దూరాక గుడ్లతో ఆగదు, పొదుగుతున్న తల్లి మార్టిన్‌ను కూడా చంపగలదు. చెక్క ద్వారాలు ఎండకు విచ్చుకుంటాయి, ఉడతలు అంచులు కొరుకుతాయి. అందుకని ఒకసారి కొలిచి వదిలేయడం కాదు, ఏటా కొలవాలి. టేపు వాడొద్దు, కన్ను మోసం చేస్తుంది. సరిగ్గా 30 మిల్లీమీటర్ల ఎత్తు ప్లాస్టిక్ ముక్క కోసి పెట్టుకుని ప్రతి ద్వారంలోనూ నిలబెట్టి చూడండి. ముక్క పైన సందు మిగిలితే ఆ ద్వారపు పలక మార్చేయాల్సిందే.

ద్వారం ఎక్కడ పెట్టారన్నదీ అంతే ముఖ్యం. ద్వారం అడుగు అంచు, దాని ముందు పక్షి వాలే అరుగుకు అర అంగుళం కంటే ఎక్కువ ఎత్తులో ఉండకూడదు. గోడ మధ్యలో పెడితే మార్టిన్ వేలాడుతూ తల మాత్రం లోపల పెట్టి, ఒళ్ళు పట్టక వెళ్ళిపోతుంది. అప్పుడు మీరు ఇరుకనుకుని మళ్ళీ ఆకురాయి తీస్తారు. తప్పు ద్వారం పెట్టిన చోటుదైతే శిక్ష కన్నానికి పడుతోంది.

ఇంకొకటి. ఈ ద్వారం పిచ్చుకను ఆపదు. మార్టిన్ దూరగల ఏ కన్నంలోనైనా పిచ్చుక దూరుతుంది. "ద్వారం పెట్టాం కదా, పిచ్చుకలెలా వచ్చాయి" అన్న ప్రశ్న ఇకమీదట రాకూడదని కోరుకుంటున్నాను.

స్టార్లింగుల గురించి ఈసారికి ఇంతే: మన గోరువంకల కుటుంబమే. 1890లో న్యూయార్క్ సెంట్రల్ పార్కులో వదిలిన అరవై పక్షులతో ఇక్కడ కాలూనాయి. గుడ్లు లేత నీలం. బ్లూబర్డ్ గుడ్లూ నీలమే కాబట్టి తొందరపడొద్దు. బ్లూబర్డ్ గూడు సన్నటి గడ్డితో శుభ్రంగా గిన్నెలా ఉంటుంది, గుడ్డు చిన్నది. స్టార్లింగుది ముతక గడ్డి, గుడ్డు పెద్దది. అనుమానముంటే ఆ గూటి తల్లిపక్షి వచ్చేదాకా దూరంగా నిలబడి చూడండి.

అభ్యాసం. ఈ వారం ఎవరూ గూడు పీకొద్దు, బోను కూడా పెట్టొద్దు. పొద్దున్న సూర్యోదయం నుంచి గంటసేపు, వరసగా మూడు రోజులు, స్తంభానికి దూరంగా కుర్చీ వేసుకుని కూర్చోండి. కాగితం మీద గదుల పటం గీసి అంకెలు వేయండి. నల్లగొంతు పిచ్చుక ఏ గది వాకిట్లో కూర్చుంది, ఎంతసేపు అరిచింది, ఏయే గదుల్లోకి తొంగి చూసింది, అన్నీ సమయంతో సహా రాయండి. ఇద్దరు మగవి ఉంటే మచ్చ పెద్దదా చిన్నదా చూసి వేరువేరుగా రాయండి. మూడో రోజుకి అది పట్టిన గది ఏదో మీకే తెలిసిపోతుంది. అదే రోజు స్తంభం ఒక్కసారి దించి, నూనె పని, 30 మిల్లీమీటర్ల ముక్కతో కొలత, రెండూ ముగించండి. గూళ్ళలో మార్టిన్ పిల్లలుండి 22 రోజులు దాటి ఉంటే స్తంభం దించొద్దు, బెదిరి ఎగరలేని వయసులో దూకేస్తాయి. అలాంటి గూళ్ళున్నవాళ్ళు పటం మాత్రమే పంపండి. పటం చూడకుండా ఎవరికీ బోను పెట్టమని చెప్పను.