సాఫ్ట్ ఫోకస్: ముఖం మెత్తబడాలి, జరీ మాత్రం మెరవాలి

ఫోటో మొత్తానికి బ్లర్ కొట్టేసి దాన్నే సాఫ్ట్ ఫోకస్ అనుకునేవాళ్లు చాలామందే ఉన్నారు. పాత సాఫ్ట్ ఫోకస్ లెన్సుల్లో కనురెప్ప కనురెప్పలాగే ఉండేది, వెలుగున్న చోటి నుంచి కాంతి మాత్రం పక్క నీడలోకి కాస్త చిందేది. ఎడిటింగ్‌లోనూ అదే రావాలి. అడుగున అసలు ఫోటో చెక్కుచెదరకూడదు, మసక అంతా పై పొరలోనే ఉండాలి.

మైపాడు బీచ్‌లో పొద్దున్నే తీసిన పెళ్లి జంట ఫోటో తీసుకుందాం. వెడల్పు 6000 పిక్సెల్స్, అమ్మాయిది వెంకటగిరి జరీ చీర.

ఫోటోషాప్‌లో కంట్రోల్ జె నొక్కితే లేయర్‌కి కాపీ వస్తుంది. దాన్ని స్మార్ట్ ఆబ్జెక్ట్‌గా మార్చండి, బ్లర్ ఎంతో తర్వాత మార్చుకోవచ్చు. ఫిల్టర్ మెనూలో గాసియన్ బ్లర్ తెరిచి రేడియస్ 30 పెట్టండి. వెడల్పులో అర శాతం అని లెక్క. వాట్సాప్‌లో వచ్చిన 1600 పిక్సెల్స్ ఫోటోకైతే 8 చాలు. అక్కడా 30 పెడితే వెలుగు ముఖం దాటి అంతటా పాకి, పొగమంచు పట్టినట్టుంటుంది.

ఇప్పుడు బ్లెండ్ మోడ్ (పై పొర కింది ఫోటోతో కలిసే తీరు) లైటెన్, ఒపాసిటీ (పై పొర ఎంత గట్టిగా కనబడాలో) 40. అసలు మోడ్ ఎంపికలోనే పనంతా ఉంది. లైటెన్‌లో మసక పొర, కింది ఫోటో తనకంటే ముదురుగా ఉన్న చోటే కనబడుతుంది, కాబట్టి చర్మం మీది చిన్న గుంటలు, ముడతలు పూడిపోతాయి. స్క్రీన్ మోడ్ అన్నింటినీ వెలిగిస్తుంది, పెళ్లికొడుకు తెల్ల పంచెలో మడతలు మాయమవుతాయి. స్క్రీనే కావాలంటే పై పొర కాస్త ముదురయ్యేలా దాని లెవెల్స్‌లో మధ్య స్లైడర్ 0.7కి దించండి. సాఫ్ట్ లైట్ కాంట్రాస్ట్ పెంచుతుంది; మబ్బు పట్టిన రోజు ఫోటోలకి తప్ప వద్దు.

లైటెన్ చేసే చెరుపూ ఉంది. కనుపాప నలుపు, రెప్పలు, జరీ పోగుల మధ్య సందులు కూడా పూడిపోతాయి. జరీ మెరిసేదే ఆ సందుల వల్ల. లేయర్ మాస్క్ వేసి (దాని మీద నలుపు పూసిన చోట పై పొర కనబడదు), హార్డ్‌నెస్ 0, ఫ్లో 25 ఉన్న నల్ల బ్రష్‌తో కళ్లు, పెదాలు, ముక్కుపుడక, చీర అంచు మీద రెండు మూడు సార్లు తిప్పండి. ఒకేసారి ఫ్లో 100తో తుడిస్తే కళ్లు అతికించినట్టుంటాయి.

వెనక తెల్లగా మెరిసే సముద్రం ఉంటే జడ చుట్టూ బూడిదరంగు అంచు కడుతుంది. లేయర్ మీద డబుల్ క్లిక్ చేసి, బ్లెండ్ ఇఫ్‌లో (ఎంత వెలుగున్న చోట పొర కనబడాలో చెప్పేది) కింది వరస నల్ల స్లైడర్‌ని ఆల్ట్ పట్టుకుని విడదీసి 30, 80 దగ్గర పెట్టండి. నల్లటి చోట్ల మసక తప్పుకుంటుంది.

ఆకాశంలో చారలు పడుతుంటే ముందే రంగుల మెట్లు ఎక్కువుండే 16 బిట్‌లో పని మొదలుపెట్టాలి, చివర్లో 1 శాతం నాయిస్ కలపాలి. షార్పెన్ కింది లేయర్‌కే చేయండి; అన్నీ కలిపాక చేస్తే పూడ్చిన గుంటలు మళ్లీ తేలతాయి.

ఆల్బమ్ 12x36 అంగుళాల షీట్ అయితే 300 డీపీఐకి (అంగుళానికి 300 చుక్కలు) సైజు కుదిర్చాకే రేడియస్ లెక్క వేయండి. ముందు ఒక చిన్న ప్రింట్ తీయించి చూసి, ఒపాసిటీ అప్పుడు ఖాయం చేయండి.