మెటబాలిక్ కార్ట్ క్యాలిబ్రేషన్: మహబూబ్‌నగర్ ఎత్తులో పాటించవలసిన క్రమం

శ్వాసలో ఎంత ఆక్సిజన్ ఖర్చవుతున్నదో, ఎంత కార్బన్ డయాక్సైడ్ వెలువడుతున్నదో కొలిచే మెటబాలిక్ కార్ట్‌ను ఆన్ చేసిన వెంటనే క్యాలిబ్రేట్ చేయకూడదు, అంటే తెలిసిన విలువలతో దాని కొలతలను సరిచూడకూడదు. సెన్సర్లు స్థిరపడేవరకు, సాధారణంగా అరగంట సేపు, ఆగాలి.

ఆ సమయంలో గది ఉష్ణోగ్రత, తేమ, వాయుపీడనం నమోదు చేయాలి. పొరపాటు ఎక్కువగా జరిగేది పీడనం దగ్గరే. ఫోన్‌లోని వాతావరణ యాప్‌లు మామూలుగా చూపేది సముద్రమట్టానికి సవరించిన అంకె. మహబూబ్‌నగర్ దాదాపు 500 మీటర్ల ఎత్తున ఉన్నందున ఇక్కడి అసలు పీడనం సముద్రమట్టం వద్ద ఉండే 760 కాక సుమారు 715 మిల్లీమీటర్ల పాదరసం ఉంటుంది. నల్లగొండ కాస్త పల్లంలో ఉంది కనుక ఇక్కడి అంకెను అక్కడ వాడరాదు. తెలియక 760 వేస్తే, శరీర ఉష్ణోగ్రత వద్ద కొలిచిన గాలిని ప్రామాణిక స్థితికి మార్చే లెక్కలో ఫలితం ఆరు శాతానికి పైగా పెరుగుతుంది. తర్వాత చేసే సిరంజి పరీక్ష ఈ తప్పును పట్టివ్వదు. రెండు వాయువుల విలువలూ ఒకే పాళ్లలో పెరగడం వల్ల వాటి నిష్పత్తి కూడా సక్రమంగానే కనిపిస్తుంది. అందుకే గదిలోనే ఒక బారోమీటర్ ఉంచుకుని, యంత్రం చూపే అంకెను దానితో సరిచూసుకోవడం మేలు.

తర్వాత మూడు లీటర్ల గాలిని నెట్టే సిరంజితో యంత్రపు గాలి ప్రవాహ కొలతను సరిచూడాలి. సిరంజి ముందునుంచే అదే గదిలో ఉండాలి. ఎండాకాలంలో వేడెక్కిన వరండాలోంచి ఏసీ గదిలోకి అప్పుడే తెచ్చి వాడకూడదు. పిస్టన్‌ను నెమ్మదిగా, మధ్యస్థంగా, వేగంగా నడిపినా ప్రతిసారీ విలువ 2.91 నుంచి 3.09 లీటర్ల మధ్యనే రావాలి. రోగికి ఫిల్టర్ వాడేటట్లయితే ఇక్కడా అదే ఫిల్టర్ బిగించాలి.

వాయు క్యాలిబ్రేషన్‌కు రెండు బిందువులు, అంటే పాళ్లు తెలిసిన రెండు వాయు మిశ్రమాలు, కావాలి. ఒకటి సిలిండర్ వాయువు: మామూలుగా 16 శాతం ఆక్సిజన్, 4 లేదా 5 శాతం కార్బన్ డయాక్సైడ్, మిగిలినది నైట్రోజన్. సర్టిఫికెట్‌లో ఉన్న ఖచ్చితమైన విలువనే యంత్రంలో ఎక్కించాలి. రెండవది బయటి గాలి: 20.93 శాతం ఆక్సిజన్, 0.04 శాతం కార్బన్ డయాక్సైడ్. ఏసీ వేసి తలుపులు మూసిన గదిలో నలుగురు కూర్చుంటే కార్బన్ డయాక్సైడ్ 0.1 శాతం దాటడం వింతేమీ కాదు. కనుక ముందుగా కిటికీలు తెరవాలి, శాంపిల్ గొట్టం మీదికి వంగి మాట్లాడకూడదు. గొట్టం మార్చినా, అందులో తడి చేరినా, వాయువు సెన్సర్‌కు చేరే ఆలస్యాన్ని మళ్లీ కొలవాలి.

చివరగా, ఆరోగ్యంగా ఉన్న ఒక సిబ్బందిచేత నెలకొకసారి సైకిల్ ఎర్గోమీటర్‌పై (శ్రమను వాట్లలో కొలిచే వ్యాయామ సైకిల్) ప్రతిసారీ అవే వాట్ల వద్ద తొక్కించి, ఫలితాలను పాత రికార్డుతో పోల్చాలి.