వేల బ్యాక్టీరియా జీనోముల్లో జన్యువులను వెతికిన ఫలితాలను చిత్రంగా చూపే పద్ధతి

డీఎన్ఏ వరుసలను పోల్చి వెతికే బ్లాస్ట్ (BLAST) అనే ప్రోగ్రాం ఇచ్చే పట్టికలో మామూలుగా 12 నిలువు వరుసలు ఉంటాయి గాని, వెతికిన జన్యువు మొత్తం పొడవు వాటిలో ఉండదు కనుక దానిని అదనంగా అడిగి తీసుకొని, పోలిక శాతంతో పాటు జన్యువులో ఎంత భాగం దొరికిందో కూడా చూసి వడపోయాలి. ఈ-విలువ (అంత మంచి పోలికలు యాదృచ్ఛికంగా ఎన్ని దొరకవచ్చో చెప్పే అంచనా) డేటాబేస్ పరిమాణాన్ని బట్టి మారుతుంది కాబట్టి రంగులకు దానిని ఆధారం చేసుకోకపోవడమే మేలు.

తరువాత జీనోములను పేర్ల అక్షరక్రమంలో కాక వంశవృక్ష క్రమంలో అడ్డు వరుసలుగా, జన్యువులను నిలువు వరుసలుగా పేర్చి, పోలిక శాతాన్ని బట్టి గడులకు రంగు వేయాలి. 900 బేసుల (డీఎన్ఏ అక్షరాల) జన్యువులో 500 ఒక కాంటిగ్ (తెగకుండా కూర్చిన డీఎన్ఏ ముక్క) చివర, 400 మరొక కాంటిగ్ మొదట కనిపిస్తే అది లేనట్టు కాదు, అసెంబ్లీ (ముక్కల నుంచి తిరిగి కూర్చిన జీనోము) అక్కడ తెగి ఉండవచ్చు. అటువంటి గడికి వేరే గుర్తు పెట్టాలి.

బహిరంగ డేటాబేసులలో ఈ. కోలై, సాల్మొనెల్లా వంటివి కిక్కిరిసి ఉంటాయి కనుక, దాదాపు ఒకేలా ఉన్న జీనోముల గుంపుకు ఒక ప్రతినిధిని మాత్రమే ఉంచి, ఆ గుంపులో ఎన్ని జీనోములు ఉన్నాయో పక్కన చిన్న పట్టీగా చూపాలి.