సరస్సులు చూడబోతే బస భీమ్‌తాల్‌లో పెట్టుకోండి

మన నల్లగొండ నుంచి ఉత్తరాఖండ్ సరస్సులు చూడపోయేటోళ్లు చాలామంది నేరుగా నైనితాల్‌లనే రూం తీసుకుంటున్నరు. మే, జూన్‌ల అయితే అక్కడ బండి పెట్ట జాగ దొరకదు. భీమ్‌తాల్‌ల దిగండి. ఢిల్లీల రాత్రి రైలెక్కితే పొద్దుగాల కాఠ్‌గోదామ్. అక్కడికి పట్టాలు అయిపోతయి. కొద్ది దూరంల రాణీబాగ్ దగ్గర నైనితాల్ దారి, భీమ్‌తాల్ దారి చీలుతయి. కాఠ్‌గోదామ్ నుంచి భీమ్‌తాల్‌కు 20 కిలోమీటర్ల పైచిలుకు. చెరువు నడుమ చిన్న లంక ఉంటది, పడవల పోవచ్చు. తొమ్మిది మూలల నౌకుచియాతాల్ పక్కనే. సాత్‌తాల్ సరస్సులకు మాత్రం తెల్లారంగనే పోండి. చెట్ల నీడ నీళ్ల మీద కదలకుండ పడి ఉంటది, పిట్టల కూత తప్ప చప్పుడుండదు. నాకైతే అన్నిట్ల అదే నచ్చింది. నైనితాల్‌కు ఒక్క పూట పోయొస్తే చాలు.

కారు మీరే నడిపితే ఒక్కటి యాదుంచుకోండి. సాగర్ రోడ్డు మీద అలవాటు ఘాట్‌ల పనికిరాదు. దిగేటప్పుడు బ్రేకు తొక్కిపట్టొద్దు, రెండో గేర్ల దిగాలె. మాకోసారి చక్రాల కాడ కాలిన వాసనొచ్చింది. పక్కకు ఆపి, చల్లారినంకనే కదిలినం. ఎదురుగ ఎక్కే బండికి దారియ్యాలె.

నకిరేకల్ నిమ్మకాయలు నాలుగు సంచిల వేసుకోండి. మలుపులల్ల పిల్లలకు కడుపుల తిప్పితే కోసి వాసన చూపియ్యండి. జులై, ఆగస్టుల కొండచరియలు పడతయి, వద్దు. దసరా దాటినంక పోండి, ఆకాశం తేటగ ఉంటది. స్వెట్టర్లు మరువకండి.