ఏడ్చే పాపాయిని ఊరుకోబెట్టడం – నాలుగో పాఠం: తాగుతోందంటే ఆకలే అనుకోకండి

కిందటి పాఠంలో ఆకలి గుర్తులు చెప్పాను: తల తిప్పి వెతకడం, నోరు తెరవడం, పిడికిలి నోట్లో పెట్టుకోవడం. అది చదివి చాలామంది పిడికిలి నోటి దాకా వెళ్లిన ప్రతిసారీ సీసా పట్టారు. బిడ్డ కక్కితే, కడుపు ఖాళీ అయిందని మళ్లీ పట్టారు. ఇంకొందరు దీనికి భయపడి, మూడు గంటలయ్యేదాకా గడియారం చూస్తూ ఏడిపించారు. రెండూ వద్దు. ఈ వారం పొత్తిళ్ల గురించి చెప్దామనుకున్నాను, అది తర్వాత చూద్దాం.

తేన్పు తెప్పించడం, డైపర్ చూడడం మీకు తెలిసినవే.

"నోట్లో పెడితే తాగుతోంది కదండీ, ఆకలి లేకపోతే ఎందుకు తాగుతుంది?" ఈ మాట వింటే నాకు చిరాకు. తొలి నెలల్లో అంగిలికి ఏది తగిలినా బిడ్డ చప్పరిస్తుంది. చిటికెన వేలు శుభ్రంగా కడిగి పెట్టి చూడండి, అంతే గట్టిగా లాగుతుంది. వేల్లో పాల చుక్క లేదు. రొమ్ము దగ్గర బిడ్డ లాగుతూ, ఆగుతూ తన వేగం తనే చూసుకుంటుంది. సీసా వంచి పడితే పాలు వాటంతటవే జారతాయి, నోరు నిండాక మింగక తప్పదు. కడుపు బిర్రెక్కి కాళ్లు ముడుచుకుని, వీపు విరుచుకుని ఏడుస్తుంది. ఆ ఏడుపునూ మనం ఆకలే అనుకుంటాం.

సీసాలో 90 మి.లీ. కలిపారనుకోండి. 60 తాగేసరికి పెదాలు వదులయ్యాయి, పిడికిళ్లు విచ్చుకున్నాయి, మొహం పక్కకు తిప్పేసింది. "ఇంకా ముప్పై ఉందే" అని అమ్మమ్మ బుగ్గ నొక్కి సీసా పీక మళ్లీ నోట్లో పెడుతుంది. పెట్టనివ్వకండి, పారబోయండి. ఎంగిలైన డబ్బా పాలు గంట దాటితే ఎలాగూ పట్టకూడదు.

పట్టేటప్పుడు బిడ్డను ఒళ్లో కాస్త నిటారుగా కూర్చోబెట్టండి, సీసా అడ్డంగా పట్టుకోండి. కొన్ని గుక్కలయ్యాక సీసా కిందికి దించి ఆగండి.

సాయంత్రం ఏడుపు వేరే సంగతి. రెండు మూడు వారాల వయసులో మొదలై, ఆరు వారాలప్పుడు బాగా పెరిగి, మూడు నాలుగు నెలలకు తగ్గుతుంది. నేనైతే ముందు టీవీ ఆపించేస్తాను, లైటు తగ్గిస్తాను, బిడ్డను చేతులు మార్చడం మాన్పిస్తాను. ఒక్కరే భుజాన వేసుకుని, వీపు మీద జోకొడుతూ మెల్లగా నడవాలి. అయిదు నిమిషాలైనా ఓపిక పట్టకుండా పద్ధతి మార్చొద్దు. విసుగొస్తే బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టి కాసేపు బయటికి రండి. ఎంత విసుగొచ్చినా కుదపకూడదు. తేనె నాకించొద్దు, ఏడాది నిండేదాకా అది ప్రమాదం.

తల్లిపాలు తాగే పిల్లలు రోజుకు 8 నుంచి 12 సార్లు తాగుతారు, సాయంత్రాలు వెంటవెంటనే అడుగుతారు. వాళ్లకు ఇవ్వండి. మొదటి వారం దాటాక రోజుకు ఆరుసార్లైనా ఒంటేలు పోస్తూ, బరువు పెరుగుతుంటే పాలు చాలుతున్నట్టే. ఆకుపచ్చ రంగు వాంతి, 38 డిగ్రీల జ్వరం, పాలు ముట్టకపోవడం ఉంటే ఆసుపత్రికి వెళ్లండి.

సాధన: మూడు సాయంత్రాలు ప్రతి ఏడుపూ రాయాలి. ఎప్పుడు మొదలైంది, అంతకుముందు పాలు ఎప్పుడు, ఎన్ని పట్టారు, ఏం చేస్తే ఊరుకుంది. రాసేది అమ్మ కాదు, నాన్న. పుట్టి రెండు వారాలు కాని పిల్లలకు, నెలలు నిండకుండా పుట్టినవాళ్లకు, బరువు పెరగనివాళ్లకు పాలు ఆపి చూడడాలేవీ వద్దు, డాక్టరు చెప్పినట్టే పట్టండి.