ఎం.ఏ. అర్థశాస్త్రం: రెండేళ్ల చదువును చివరి నుంచి వెనక్కి లెక్కించుకోవడం

సీపీగెట్ (తెలంగాణ పీజీ ఉమ్మడి ప్రవేశ పరీక్ష) రాసి హన్మకొండలోని కాకతీయ విశ్వవిద్యాలయంలోనో, చుట్టుపక్కల జిల్లాల పీజీ కళాశాలల్లోనో ఎం.ఏ. అర్థశాస్త్రంలో చేరేవారు మొదటి సెమిస్టర్‌లో ఏ పేపర్లు ఉంటాయని అడుగుతారు. నాలుగో సెమిస్టర్ పరీక్షలు ముగిసిన మరుసటి నెలలో తాము ఏ పని మీద ఉండాలో మాత్రం చాలామంది ఆలోచించరు. ప్రణాళికను అక్కడి నుంచే మొదలుపెట్టి వెనక్కి రావాలి.

గమ్యాన్ని బట్టి చదివే తీరు మారుతుంది. అధ్యాపక ఉద్యోగాలకు అర్హత పరీక్ష అయిన యూజీసీ నెట్‌లో మూడు గంటల్లో రెండు పేపర్లు ఉంటాయి. అందులో అర్థశాస్త్రం పేపర్ 100 ప్రశ్నలకు 200 మార్కులది, తప్పు సమాధానానికి కోత లేదు కాబట్టి సిలబస్‌లో ఏ యూనిట్‌నూ పూర్తిగా వదలకుండా అన్నింటినీ కొంత లోతుగా చదవడమే అక్కడ లాభం. కేంద్ర ప్రభుత్వంలో ఆర్థికవేత్తల ఉద్యోగాలకు జరిగే ఇండియన్ ఎకనామిక్ సర్వీస్ ఇందుకు భిన్నం: 21 నుంచి 30 ఏళ్ల మధ్య వయసున్నవారు రాయదగిన ఆ పరీక్షలో సాధారణ అర్థశాస్త్రానికి మూడు పేపర్లు, భారత ఆర్థిక వ్యవస్థకు ఒక పేపర్, ఒక్కొక్కటి 200 మార్కులకు ఉంటాయి, సమాధానాలు వివరంగా రాయాలి. తెలంగాణ గ్రూప్–2 లక్ష్యమైతే 150 మార్కుల మూడో పేపర్ ఆర్థిక వ్యవస్థ, అభివృద్ధి గురించే కనుక భారత, తెలంగాణ ఆర్థిక వ్యవస్థల పేపర్లను శ్రద్ధగా చదవాలి. పీహెచ్‌డీ చేయాలనుకునేవారికి అర్థమితి (ఎకనామెట్రిక్స్, గణాంకాలతో ఆర్థిక సంబంధాలను కొలిచే శాస్త్రం) తప్పించుకోరానిది. వీటన్నింటికీ ఒకేసారి సిద్ధమవుతామనేవారు సాధారణంగా మొదటి సెమిస్టర్‌లోనే అలసిపోతారు. ఒకదాన్ని ప్రధానంగా పెట్టుకుని, మరొకదాన్ని పక్కన ఉంచుకోవడం మేలు.

ఇక అసలు అడ్డంకి గణితం. ఇంటర్‌లో సీఈసీ, హెచ్‌ఈసీ చదివి బీఏ చేసినవారు సూక్ష్మ అర్థశాస్త్రం మొదటి యూనిట్‌లోనే అవకలనం (డిఫరెన్షియేషన్) కనిపించగానే నోట్సు బట్టీపడతారు, అది మూడో సెమిస్టర్‌లో అర్థమితి దగ్గర బెడిసికొడుతుంది. అడ్మిషన్ కౌన్సెలింగ్‌కూ తరగతుల ఆరంభానికీ మధ్య దొరికే వారాలను దీనికే కేటాయించండి. సరళరేఖ వాలు, అవకలనం, గరిష్ఠ కనిష్ఠ విలువలు, లాగరిథం, సగటు, విచలనం వరకు వస్తే చాలు, సమాకలనం (ఇంటిగ్రేషన్) తర్వాత చూసుకోవచ్చు.

ఒక చిన్న లెక్క చూడండి. ఒక వస్తువు డిమాండ్ 120 నుంచి ధరకు రెండింతలు తీసివేస్తే వచ్చే సంఖ్య అనుకుందాం. ధర 20 రూపాయలైతే డిమాండ్ 80 యూనిట్లు. ధర రూపాయి పెరిగితే డిమాండ్ రెండు యూనిట్లు తగ్గుతుంది కనుక, ఆ బిందువు వద్ద వ్యాకోచత్వం (ధర ఒక శాతం మారితే డిమాండ్ ఎంత శాతం మారుతుందో చెప్పే కొలత) రెండును 20తో గుణించి 80తో భాగిస్తే వచ్చే 0.5 (రుణ గుర్తు పక్కన పెడితే). అది ఒకటి కంటే తక్కువ కాబట్టి అమ్మకందారు ధర పెంచితే రాబడి పెరుగుతుంది, 30 రూపాయల వద్ద వ్యాకోచత్వం ఒకటై రాబడి 1,800 రూపాయలతో గరిష్ఠానికి చేరుతుంది. ఈ నాలుగు మెట్లు పుస్తకం చూడకుండా చేయగలిగితే మొదటి సెమిస్టర్‌లో సగం భయం పోతుంది.

తెలుగు మాధ్యమంలో చదివివచ్చినవారు ఉపాంత ప్రయోజనం, అవకాశ వ్యయం, వ్యాకోచత్వం వంటి పదాల పక్కన వాటి ఇంగ్లీషు పేర్లు రాసుకుని ఒక చిన్న పుస్తకం తయారుచేసుకోవాలి. పదం తెలియక ప్రశ్న అర్థం కాకపోవడం, విషయం తెలియకపోవడం ఒకటి కాదు, పరీక్షకుడికి మాత్రం రెండూ ఒకటిగానే కనిపిస్తాయి.

సిద్ధాంతాన్ని పరీక్షించి చూసుకునే చోటు మనకు బస్సు దూరంలోనే ఉంది. వరంగల్‌లోని ఎనుమాముల వ్యవసాయ మార్కెట్ యార్డుకు మిర్చి సీజన్‌లో ఒక ఉదయం వెళ్లి, ఆ రోజు యార్డుకు వచ్చిన బస్తాలు, కనిష్ఠ, గరిష్ఠ ధరలు రాసుకోండి. మూడు వారాలు అలా రాస్తే, నిరుటి ధర చూసి ఈ ఏడు విత్తే రైతు సరఫరా ఎలా ఊగిసలాడుతుందో వివరించే సాలెగూడు సిద్ధాంతం బోర్డు మీది గీతలుగా మిగలదు. సరఫరా వ్యాకోచత్వం డిమాండ్ వ్యాకోచత్వం కంటే తక్కువైతే ఆ ఊగిసలాట క్రమంగా సద్దుమణుగుతుంది, ఎక్కువైతే పెరుగుతుంది. అయితే కోల్డ్ స్టోరేజీలో నిల్వ ఉండే మిర్చికి ఈ నమూనా పూర్తిగా అతకదు. ఎందుకు అతకదో రాసుకుంటే అదే ఒక మంచి సెమినార్ వ్యాసమవుతుంది.

ఐచ్ఛిక పేపర్ల విషయంలో సీనియర్ల మాట సగమే వినండి. మార్కులు సులువుగా వస్తాయన్న పేపర్ మీ గమ్యానికి ఉపయోగపడకపోవచ్చు. ప్రస్తుత సిలబస్ ప్రతి తీసుకుని, చేరిన వారంలోనే నాలుగు సెమిస్టర్ల యూనిట్లనూ ఒకే కాగితం మీద రాసి, గమ్యానికి సంబంధించినవాటిని గుర్తుపెట్టండి. వ్యవసాయ కుటుంబం నుంచి వచ్చినవారికి వ్యవసాయ అర్థశాస్త్రం, సింగరేణి ప్రాంతం వారికి శ్రామిక అర్థశాస్త్రం సహజంగా పట్టుబడతాయి, క్షేత్ర పరిచయం ప్రాజెక్టుకూ పనికొస్తుంది.

వారంలో రెండు గంటలు గణాంకాలకు కేటాయించి, 2017–18 నుంచి జరుగుతున్న ఆవర్తన శ్రామిక బల సర్వే (పీఎల్‌ఎఫ్‌ఎస్), రాష్ట్ర సామాజిక ఆర్థిక నివేదికల పట్టికలను చదవడం అలవాటు చేసుకోవాలి. అర్థమితి తరగతులు మొదలయ్యాక ఉచితంగా దొరికే గ్రెటెల్ లేదా ఆర్ అనే కంప్యూటర్ సాఫ్ట్‌వేర్లలో ఒక ప్రతిగమనమైనా (రిగ్రెషన్) సొంతంగా చేయండి. ప్రాజెక్టు ప్రశ్నను మూడో సెమిస్టర్ సెలవుల్లోపే తేల్చుకోవాలి. నాలుగో సెమిస్టర్‌లో వెతకడం మొదలుపెట్టినవారు చివరకు పాత ప్రాజెక్టు రిపోర్టులకు కొత్త అట్టలు వేస్తారు. యార్డులో రాసుకున్న ఆ మూడు వారాల పుస్తకం మీ దగ్గర ఉంటే, ఒక గ్రామంలో 40 మంది రైతులను అడగదలచుకున్న ప్రశ్నావళికి అదే మొదటి పేజీ అవుతుంది.